సిలికాన్ టీన్స్ 'మ్యూజిక్ ఫర్ పార్టీస్' (1980): ఎవరైనా పూర్తిగా విన్నారా?

రాత్రిషిఫ్ట్ | గచ్చిబౌలి | శనివారం, తెల్లవారుజాము 3:40

అందరికీ నమస్తే. ఈ విభాగంలో ఎప్పుడూ ఇళయరాజా గొప్పా రెహమాన్ గొప్పా అన్న గొడవే నడుస్తుంటుంది కాబట్టి ఈ పోస్టు ఇక్కడ పెట్టొచ్చో లేదో తెలీదు. తప్పయితే మోడరేటర్ గారు తీసేయండి, ఏమీ అనుకోను.

మొన్న డ్యూటీలో కస్టమర్ల కంప్లయింట్లేవీ రాక ఖాళీగా కూర్చుని 1987 నాటి 'ప్లేన్స్, ట్రెయిన్స్ అండ్ ఆటోమొబైల్స్' చూశాను. స్టీవ్ మార్టిన్, జాన్ క్యాండీ పండక్కి ఇల్లు చేరడానికి పడే పాట్లు. సంక్రాంతికి బస్సు టికెట్ దొరకనివాడికెవడికైనా అది సొంత కథే. అందులో ఒకచోట వీడియో గేములోంచి పారిపోయి వచ్చినట్టు ఒక ట్యూన్ వినిపించింది. గిటార్ లేదు, ట్రంపెట్ లేదు, అంతా సన్నగా 'టుయ్ టుయ్' అని కూసే మెషీన్. ఆరా తీస్తే అది 'రెడ్ రివర్ రాక్', వాయించింది సిలికాన్ టీన్స్ అనే బ్యాండు.

డారిల్, జాకీ, పాల్, డయాన్ అని నలుగురు. 1980లో ఒకే ఒక్క ఆల్బమ్, మ్యూట్ రికార్డ్స్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి. చక్ బెర్రీ, బడీ హాలీ, కింక్స్ లాంటివాళ్ల 1950లు, 60ల నాటి పాటలు తీసుకొని సింథసైజర్ల (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డుల) మీద వాయించేశారు. మధ్యలో 'చిప్ ఎన్ రోల్', 'టీవీ ప్లేటైమ్' లాంటి సొంత ముక్కలు. పాడేవాడు రేషన్ షాపులో పేర్లు పిలిచినట్టు పాడతాడు.

కాసేపు నవ్వుకున్నాను. తర్వాత ఏమైందో, 'మెంఫిస్ టెనెసీ' దగ్గర ఇరుక్కుపోయి తెల్లారేదాకా అదే తిప్పి తిప్పి విన్నాను. ఇంతకీ ఇది వెటకారమా, నిజంగా ఇష్టపడి చేసిందా? నాకైతే తేలలేదు.


గిటార్_గిరి | హనుమకొండ | శనివారం, ఉదయం 9:12

10 నిమిషాలు విన్నా బ్రో. పుట్టినరోజు కార్డు తెరిస్తే మోగే చిప్ ఉంటుంది చూడు, దానికి మైకు పెట్టినట్టుంది. 'యూ రియల్లీ గాట్ మీ'ని ఏం చేశారయ్యా అది? 1964లో కింక్స్ వాళ్ల డేవ్ డేవిస్ తన ఆంప్లిఫయర్ స్పీకరుని బ్లేడుతో కోసి మరీ ఆ గరగర తెప్పించాడు. దాన్ని తెచ్చి ఇస్త్రీ చేసి మడత పెట్టారు వీళ్లు.

నా ఓటు వెటకారానికే. అది కూడా నాసిరకం వెటకారం.


లండన్_లక్ష్మి | లండన్ | శనివారం, మధ్యాహ్నం 2:55

రాత్రిషిఫ్ట్ గారూ, మీకు ఒక చిన్న షాక్. డారిల్, జాకీ, పాల్, డయాన్ అని ఎవరూ లేరు.

అంతా ఒక్కడే. డేనియల్ మిల్లర్, మ్యూట్ రికార్డ్స్ పెట్టినాయన. వాయించిందీ పాడిందీ ఆయనే. ఆల్బమ్ మీద నిర్మాతగా 'లారీ లీస్ట్' అని ఉంటుంది, అదీ ఆయనే. అప్పట్లో ఇక్కడ మికీ మోస్ట్ అని పేరున్న నిర్మాత ఒకాయన ఉండేవాడు. ఆయన 'మోస్ట్' అయితే నేను 'లీస్ట్' అని ఈయన సరదా. ప్రెస్ వాళ్ల ముందుకి డారిల్ రావాల్సి వచ్చినప్పుడు ఫ్రాంక్ టోవీ వచ్చేవాడు. ఫాడ్ గాడ్జెట్ పేరుతో అదే లేబుల్‌లో పాడేవాడు ఆయన.

నా దగ్గర ఎల్పీ ఉంది. పదేళ్ల కిందట ఇక్కడ ఒక సెకండ్ హ్యాండ్ కొట్లో కొన్నాను. కొట్టతను "పార్టీకా?" అని అడిగాడు. అవునన్నాను. ఇంటికెళ్లి ఒక్కదాన్నే విన్నాను.


రాత్రిషిఫ్ట్ | గచ్చిబౌలి | శనివారం, సాయంత్రం 6:20

లక్ష్మి గారూ!! నేను డయాన్ ఇప్పుడు ఎక్కడుందో అని అరగంట వెతికానండి.


గిటార్_గిరి | హనుమకొండ | శనివారం, సాయంత్రం 6:31

హహహ. నేను చెప్పలా? మనుషులే దొంగ మనుషులు. కేసు క్లోజ్.


పాతకీబోర్డు | విజయవాడ | శనివారం, రాత్రి 10:48

కేసు అప్పుడే మూయకండి గిరి గారూ. నేను ఆర్కెస్ట్రాల్లో 22 ఏళ్లు కీబోర్డు వాయించినవాణ్ని. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఆల్బమ్ మొత్తం విన్నాను. ఇందులో మీకు 'పలచగా' వినిపించేదానికి కారణం ఉంది.

ఈ మిల్లర్ గారు మొదట కొనుక్కున్నది సెకండ్ హ్యాండ్ కార్గ్ 700ఎస్ అనే సింథ్. 1974 నాటి జపాన్ సరుకు. దీని నాబ్‌లు, స్విచ్‌లు మెట్లకి పైన ఉండవు. కింద, వాయించేవాడి పొట్ట వైపు ఉంటాయి. దీన్ని పెద్ద ఆర్గన్ పైన పెట్టి వాయించడానికి చేశారు కాబట్టి అలా. అసలు విషయమేంటంటే, అది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. హార్మోనియం మీద స, గ, ప మూడు మెట్లు కలిపి నొక్కితే మూడూ మోగుతాయి కదా, ఇక్కడ ఆ పప్పులేం ఉడకవు. ఎన్ని నొక్కినా పలికేది ఒకటే.

అంటే ఇలాంటి మెషీన్‌తో పాట కట్టాలంటే ముందు బాస్ (మంద్ర స్వరాల వరస) ఒక్కటీ టేపు మీద వాయించుకోవాలి. టేపు వెనక్కి తిప్పి, అది వింటూ పక్క ట్రాక్ మీద ట్యూన్ వాయించాలి. మళ్లీ వెనక్కి తిప్పి ఇంకో వరస. గిటారు వాడు చేత్తో ఒక్క దెబ్బ కొడితే ఆరు తీగలు మోగుతాయి. ఇక్కడ ఆ ఆరూ కావాలంటే ఆరుసార్లు కూర్చోవాలి. అందుకే వీళ్లు, అదే, ఆయన, ఆరూ పెట్టలేదు. రెండో మూడో పెట్టాడు. ఏవి ఉంటే పాట గుర్తు పట్టగలమో అవి మాత్రం ఉంచాడు. 'రెడ్ రివర్ రాక్' మళ్లీ వినండి, బాస్ మీదే చెవి పెట్టి. తర్వాత ట్యూన్ మీదే పెట్టి. ఒకదాని మీద ఒకటి పడవు. ఎవరి దారి వారిది. మధ్యలో ఖాళీ అలాగే వదిలేశాడు.

ఆర్కెస్ట్రాలో మేం చేసే పెద్ద తప్పు ఆ ఖాళీ చూడలేకపోవడం. స్ట్రింగ్స్ సౌండ్ పెట్టి నింపేస్తాం. పెళ్లి వాళ్లు కూడా "నిండుగా లేదండీ" అంటారు. సాంబారు అనుకుంటారు కాబోలు.


కొత్తవాణ్ని | తిరుపతి | శనివారం, రాత్రి 11:15

మాస్టారూ, మరి డ్రమ్ములు? అవి ఎవరు కొట్టారు?


పాతకీబోర్డు | విజయవాడ | శనివారం, రాత్రి 11:39

మంచి ప్రశ్న బాబూ. ఆయన 1978లో 'ది నార్మల్' అని ఇంకో దొంగ పేరుతో ఒక సింగిల్ వేశాడు. 'టీవీఓడీ', 'వార్మ్ లెదరెట్'. మ్యూట్ లేబుల్ పుట్టిందే దాంతో. టియాక్ కంపెనీ నాలుగు ట్రాకుల టేపు మెషీన్ మీద ఇంట్లో చేశాడు. అందులో డ్రమ్ములా వినిపించేది కూడా ఆ కార్గే.

ఎలాగంటే, స్టేషన్ తగలని రేడియో 'షూ' అంటుంది కదా. ఆ హోరుని రెప్పపాటు వదిలి టక్కున కోసేస్తే 'చప్' అంటుంది. అది స్నేర్ డ్రమ్. మంద్రంలో ఒక స్వరం తీసుకొని గబుక్కున కిందికి జార్చేస్తే 'ధుమ్'. అది కిక్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్. ఈ ఆల్బమ్‌లో వినిపించే చప్, ధుమ్ కూడా ఆ జాతివే. కర్ర, తోలు తగిలిన చప్పుడు ఒక్కటి కూడా వినపడదు.


డిస్కోరాగం | పుణె | ఆదివారం, ఉదయం 8:05

ఇంగ్లండు దాకా ఎందుకండీ, మన చరణ్‌జిత్ సింగ్ ఉన్నాడుగా. బొంబాయి సినిమా రికార్డింగుల్లో వాయించే ఆయన 1982లో 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' చేశాడు. రోలాండ్ కంపెనీ జూపిటర్-8 సింథ్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బాస్ మెషీన్. భైరవి, లలిత్ అన్నీ వాటి మీదే. 2010లో మళ్లీ విడుదల చేస్తే ప్రపంచమంతా నోరు తెరిచింది. ఈ పుట్టినరోజు కార్డు కన్నా వెయ్యి రెట్లు నయం.


మోడరేటర్ | ఆదివారం, ఉదయం 8:40

డిస్కోరాగం గారూ, చరణ్‌జిత్ సింగ్ గురించి వేరే థ్రెడ్ మొదలెట్టండి, నేనే మొదటి కామెంట్ పెడతాను. ఇక్కడ మాత్రం టీన్స్.

అందరికీ: పాటల లింకులు పెట్టండి గానీ పాటల సాహిత్యం మొత్తం అంటించొద్దు.


గిటార్_గిరి | హనుమకొండ | ఆదివారం, ఉదయం 11:02

మాస్టారు చెప్పింది ఒప్పుకుంటా, కష్టపడ్డాడు. కష్టపడితే పాట బాగుంటుందని ఎక్కడా లేదుగా. మా మామ ఇల్లు ఏడేళ్లు కట్టాడు, వంటింట్లోకి వెళ్లాలంటే బాత్రూం పక్క నుంచి పోవాలి.

నా పాయింట్ ఒకటే. రాక్ అండ్ రోల్ అంటే చెమట. ఇందులో చెమట లేదు.


లండన్_లక్ష్మి | లండన్ | ఆదివారం, సాయంత్రం 5:30

గిరీ, నువ్వే రాశావు, స్పీకరుని బ్లేడుతో కోశాడని. మరి అదేమిటి? చెమటా? ఉన్న వస్తువుని చెడగొట్టి కొత్త చప్పుడు తీయడమేగా. ఒకడు స్పీకరు కోశాడు, ఇంకొకడు రేడియో హోరుని ముక్కలు కోశాడు.

పాటల ఎంపిక చూడు. ఏదో చేతికందినవి వేశాడని నేనూ మొదట్లో అనుకున్నాను. 'జస్ట్ లైక్ ఎడ్డీ' ఉంది అందులో. 1963లో హైంజ్ అనే కుర్రాడు పాడాడు. చేయించింది జో మీక్. 1962 నాటి 'టెల్‌స్టార్' ఆయనదే, ఉపగ్రహం పేరు పెట్టిన ట్యూన్. ఈ హైంజ్ ఆ ట్యూన్ వాయించిన టోర్నడోస్‌లో బాస్ వాయించేవాడు. మీక్ స్టూడియో ఎక్కడనుకున్నావు? హాలోవే రోడ్డులో 304 నంబరు, తోలు సామాన్ల కొట్టు పైన అద్దె ఫ్లాటు. నేను బస్సులో వెళ్లేటప్పుడు ఆ గోడ మీద ఆయన పేరున్న పలక కనిపిస్తుంది. కింద ఫోన్లవాళ్లూ కూరగాయలవాళ్లూ, పైన పలక. ఎవరూ తలెత్తి చూడరు.

ఇంట్లో కూర్చుని, ఎవరూ వినని చప్పుళ్లు తీసి, దాన్ని పాప్ పాటగా అమ్మినవాడు జో మీక్. సరిగ్గా అదే పని చేస్తున్నవాడు మిల్లర్. ఊరికే ఆ పాట ఎత్తుకుంటాడా? ఇంకోటి: మీక్ చనిపోయింది 1967 ఫిబ్రవరి 3న. బడీ హాలీ విమానం కూలింది 1959 ఫిబ్రవరి 3న. హాలీ పాట 'ఓ బాయ్' కూడా ఈ ఆల్బమ్‌లో ఉంది. ఇది కాకతాళీయమే అయ్యుంటుంది, కానీ నాకు ఇలాంటివి పట్టుకుంటే నిద్ర పట్టదు.


గిటార్_గిరి | హనుమకొండ | ఆదివారం, సాయంత్రం 5:44

అక్కా, నువ్వు లాయరువి అయ్యుండాల్సింది.


బుచ్చిబాబు_పెదపాడు | ఏలూరు దగ్గర | ఆదివారం, రాత్రి 9:20

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. నాకు ఇంగ్లీషు పాటల గురించి ఏమీ తెలియదు. మనవడు హెడ్‌ఫోన్ ఇస్తే ఆ మొదటి అబ్బాయి చెప్పిన 'మెంఫిస్ టెనెసీ' విన్నాను. మాటలు మనవడే అర్థం చెప్పాడు. చక్ బెర్రీ 1959లో పాడిందట.

ఒకాయన టెలిఫోన్ ఆపరేటరుని బతిమాలుతున్నాడు, మెంఫిస్‌లో మేరీతో మాట్లాడించమని. నంబరు తెలియదు. ఫోన్ వచ్చిందని మామయ్య గోడ మీద రాసి పెట్టాడు, అంతే. ఇల్లు ఎక్కడో గుర్తులు చెబుతున్నాడు: ఊరికి దక్షిణాన, ఎత్తు మీద, మిసిసిపీ వంతెనకి అర మైలు దూరం. వినేవాడు ఎవరో ప్రియురాలు అనుకుంటాడు. చివర్లో తెలుస్తుంది, మేరీకి ఆరేళ్లు. ఆయన కూతురు. పిల్ల తల్లితో ఉండిపోయింది.

మీలో చాలామందికి ట్రంక్ కాల్, అంటే ఆపరేటరు కలిపే దూరపు ఊరి ఫోను, తెలియదు. నేను ఉద్యోగం చేసిన ఊళ్లో పోస్టాఫీసుకి వెళ్లి బుక్ చేసి కూర్చునేవాణ్ని. మామూలు కాల్, అర్జెంట్ కాల్, లైట్నింగ్ కాల్ అని మూడు రేట్లు. మామూలు కాల్ అయితే పొద్దున బుక్ చేస్తే మధ్యాహ్నం దొరికినా దొరికినట్టే. మా ఊళ్లో ఫోను ఉన్నది ఒక్క రైసుమిల్లులో. అక్కడికి పీపీ కాల్, అంటే ఫలానా మనిషినే పిలిపించే కాల్, పెట్టేవాణ్ని. వాళ్లు మనిషిని పంపితే మా ఆవిడ పిల్లని ఎత్తుకొని పరుగున వచ్చేది. పరుగెత్తి వచ్చిన ఆయాసంలోనే సగం టైము అయిపోయేది. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో వచ్చి చెప్పేది. ఆవిడ గొంతులో కోపం గానీ జాలి గానీ ఏమీ ఉండేవి కావు. రోజుకి వందమందికి చెప్పే మాట కదా.

ఈ పాట పాడినాయన గొంతు నాకు ఆ ఆపరేటరు గొంతులా ఉంది. బాధపడుతున్నవాడి మాటలు, అవతలి మనిషి గొంతులో. నాకు అలా అనిపించింది. సంగీతం గురించి పెద్దలు మీరు చెప్పాలి.


రాత్రిషిఫ్ట్ | గచ్చిబౌలి | సోమవారం, తెల్లవారుజాము 2:10

బాబాయ్ గారూ, రెండు రాత్రులు ఈ పాట దగ్గర ఎందుకు ఆగిపోయానో నాకు మాట దొరకలేదు. మీరు చెప్పారు.

నా పని కూడా అదేనండి. అవతల ఎవరో సిస్టమ్ పడిపోయిందని గోల పెడుతుంటారు, నేను "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం" అని రాతలో ఉన్నది చదువుతాను. రాత్రికి నలభైసార్లు. ఇప్పుడే హెడ్‌సెట్ తీసి మళ్లీ విన్నాను. మేరీకి ఆరేళ్లని చెప్పే చోట కూడా అతను గొంతు మార్చడు. మెషీన్ కూడా అదే వేగంతో 'టిక్ టిక్' అని పోతుంది.


పాతకీబోర్డు | విజయవాడ | సోమవారం, ఉదయం 7:30

బుచ్చిబాబు గారూ, సంగీతం తెలియదని మీరు అనకండి. 22 ఏళ్లలో నాకు తట్టలేదు ఇది. ఏలూరు వచ్చినప్పుడు కలుస్తాను.


కొత్తవాణ్ని | తిరుపతి | సోమవారం, ఉదయం 10:05

నాకు ఈ ఆల్బమ్ పెద్దగా ఎక్కలేదు గానీ ఈ చర్చ నచ్చింది. ఇలాంటివే ఇంకా ఉన్నాయా? పాడేది మనుషుల్లా ఉండాలి ప్లీజ్.


లండన్_లక్ష్మి | లండన్ | సోమవారం, సాయంత్రం 4:15

ఉన్నాయి, అదే లేబుల్‌లో. ఫాడ్ గాడ్జెట్ 'ఫైర్‌సైడ్ ఫేవరిట్స్', అదీ 1980లోనే. పైన చెప్పిన డారిల్ వేషగాడి సొంత ఆల్బమ్. నవ్విస్తూనే కడుపులో చెయ్యి పెట్టి తిప్పుతాడు. రాత్రిపూట మొదలెట్టొద్దు. 'అప్‌స్టెయిర్స్ అట్ ఎరిక్స్', యాజూ, 1982. ఆలిసన్ మోయే గొంతు వింటే నీ "మనుషుల్లా" కోరిక తీరుతుంది.

మిల్లర్ గురించి అసలు చెప్పాల్సిన ముక్క ఒకటి మిగిలిపోయింది. అప్పట్లో బ్యాండు పెట్టాలంటే గిటార్ మీద మూడు 'కార్డ్'లైనా, అంటే కలిపి మోగించే స్వరాలు, నేర్చుకోవాలి. ఒక్క వేలుతో నొక్కితే పలికే సింథ్ చవకైతే అదీ అక్కర్లేదు, కుర్రాళ్లు గిటార్ జోలికే పోకుండా నేరుగా దీంతోనే మొదలెడతారని ఆయన ఊహ. ఆ ఊహలోని కుర్రాళ్లే డారిల్ బ్యాచ్. అలాంటి బ్యాండు నిజంగా ఎక్కడా కనబడక తనే నలుగురి వేషం కట్టాడు.

అదే 1980లో క్యానింగ్ టౌన్‌లో బ్రిడ్జ్ హౌస్ అనే పబ్బులో ఫాడ్ గాడ్జెట్ కచేరీ. దానికి ముందు పాడటానికి బాసిల్డన్ నుంచి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. బీరు సీసాల పెట్టెల మీద చిన్న చిన్న సింథ్‌లు, అన్నీ ఒక్క స్వరం పలికేవే. గిటార్ లేదు. డ్రమ్స్ లేవు. పేరు డిపెష్ మోడ్. మిల్లర్ అక్కడ నిలబడి చూశాడు. కాగితం లేదు, సంతకం లేదు, ఖర్చులు పోను చెరి సగం అని చెయ్యి కలిపారు, అంతే. తర్వాతి ఏడాది 'స్పీక్ అండ్ స్పెల్' వచ్చింది.


రాత్రిషిఫ్ట్ | గచ్చిబౌలి | సోమవారం, రాత్రి 8:50

అంటే డయాన్ దొరికింది అన్నమాట. మీసాలతో.


గిటార్_గిరి | హనుమకొండ | మంగళవారం, రాత్రి 9:33

సరే వినండి. నిన్న ఆఫీసు నుంచి వస్తూ కార్లో మొత్తం వేశా. 'యూ రియల్లీ గాట్ మీ' ఇప్పటికీ దరిద్రమే, దాని మీద రాజీ లేదు. 'జూడీ ఇన్ డిస్‌గైజ్' మాత్రం నోట్లో ఇరుక్కుపోయింది. పొద్దుటి నుంచి అదే కూనిరాగం. పక్క సీటువాడు కంప్లయింట్ ఇచ్చాడు.

వెటకారం అన్న ఓటు వెనక్కి తీసుకుంటున్నా. పాటలంటే పడని వాడు ఇంత వెనక్కి తిప్పి వెనక్కి తిప్పి వాయించడు. నచ్చిందని మాత్రం రాయించుకోకండి.

మాస్టారూ, నా దగ్గర చిన్నప్పటి కాసియో కీబోర్డు ఒకటి అటక మీద ఉంది. దించి చూస్తే మధ్య సప్తకంలో నాలుగైదు మెట్లు పలకట్లేదు. మిగతావి బాగానే ఉన్నాయి. ఏం చేయాలి?


పాతకీబోర్డు | విజయవాడ | మంగళవారం, రాత్రి 10:20

మెట్ల కింద రబ్బరు పట్టీ ఉంటుంది, దాని అడుగున నల్లటి కార్బన్ చుక్కలు. అవి బోర్డు మీది గీతలకి తగిలితేనే పలుకుతుంది. దుమ్ము పట్టి ఉంటుంది. వెనక స్క్రూలు విప్పి, పట్టీ మెల్లగా లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల తడిపి బోర్డు తుడవండి. కార్బన్ చుక్కల మీద గట్టిగా రుద్దొద్దు, ఊడిపోతాయి. స్క్రూలు ఏవి ఎక్కడివో ఫోటో తీసి పెట్టుకోండి, పొడుగువి పొట్టివి కలిసిపోతాయి.


రాత్రిషిఫ్ట్ | గచ్చిబౌలి | బుధవారం, తెల్లవారుజాము 1:15

పట్టీ చిరిగి ఉంటే చెప్పు గిరీ. ఆదివారం కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్తున్నా, అడిగి చూస్తా.


గిటార్_గిరి | హనుమకొండ | గురువారం, రాత్రి 11:47

తుడిచా. మూడు పలికాయి. ఇంకా 'ప' రావట్లేదు. 'రెడ్ రివర్ రాక్' ఒక్క వేలుతో పట్టుకున్నా, 'ప' వచ్చిన చోటల్లా నోటితో అంటున్నా. మా ఆవిడ తలుపేసుకుంది.

పట్టీ పొడుగు కొలిచి రేపు పెడతా. స్క్రూలు రెండు మిగిలాయి, ఎక్కడివో తెలీదు.